ఆ అడుగు ఎవరిది?

2014 జూన్ 12న సావో పాలో స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలైంది. ఆటకు ముందు మైదానం అంచున జూలియానో పింటో అనే 29 ఏళ్ళ యువకుడు నిలబడి ఉన్నాడు. అతని నడుము కిందంతా చచ్చుబడిపోయింది. ఒంటిచుట్టూ బిగించిన లోహపు చట్రం అతన్ని నిలబెట్టింది. తలమీది టోపీ నిండా మెదడు సంకేతాలను పట్టే ఎలక్ట్రోడ్లు. తన్నాలని అతను మనసులో అనుకున్నాడు, చట్రం కాలు కదిలింది, బంతి కాస్త దూరం దొర్లింది. ప్రపంచమంతా చూస్తున్న ఆ ప్రసారంలో ఈ దృశ్యానికి దక్కింది కొన్ని సెకన్లే.

అప్పటినుంచి ఇలాంటి వీడియోలు ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. వీల్‌చైర్లో ఉన్న మనిషి లేస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. కింద వ్యాఖ్య ఒక్కటే, మళ్ళీ నడిచాడని. ఇంట్లో వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఉన్నవాళ్ళకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఊహించవచ్చు. మనవాడికీ ఇది పెట్టిస్తే నడుస్తాడా అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వెన్నుపాము గాయంతో బతుకుతున్నవాళ్ళు కోటిన్నరకు పైనే. అంటే ఈ ప్రశ్న లక్షల ఇళ్ళలో ఉంది. దానికి సూటి జవాబు దొరకకపోవడానికి కారణం ఆ మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది. "నడిచాడు" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, మనిషి కాళ్ళను యంత్రం నడిపించడం. రెండు, యంత్రం సాయంతో సాధన చేయించి మనిషి నరాలకు నడక తిరిగి నేర్పించడం. మూడు, మెదడుకూ కాళ్ళకూ మధ్య తెగిన దారిని మరో రకంగా కలపడం. ఏ వీడియో చూసినా ఆ అడుగు ఎవరు వేశారని అడిగితే, చూస్తున్నది ఈ మూడింటిలో ఏదో తెలుస్తుంది.

తెగింది ఎక్కడ

కాళ్ళు పడిపోయాయి అంటాం. వెన్నుపాము దెబ్బతిన్న చాలామందిలో కాళ్ళకు అసలు ఏమీ కాదు. కండలు, ఎముకలు, కీళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. దెబ్బ తగిలింది వాటికి కబురు మోసే దారికి. చిటికెనవేలంత లావుండే వెన్నుపాము మెదడు నుంచి నడుము దాకా వెన్నెముక లోపల దిగుతుంది. మెడ దగ్గర దెబ్బతింటే చేతులూ కాళ్ళూ రెండూ పోతాయి. ఛాతీ ఎత్తులో దెబ్బతింటే చేతులు నిలుస్తాయి, కాళ్ళు పోతాయి. గాయం కింద ఏ కదలికా ఏ స్పర్శా మిగలకపోతే వైద్యులు దాన్ని సంపూర్ణ గాయం అంటారు, కొంతైనా మిగిలితే అసంపూర్ణ గాయం. మెదడులో రక్తనాళం మూసుకుపోయో చిట్లిపోయో వచ్చే పక్షవాతం వేరు. అక్కడ వెన్నుపాము బాగానే ఉంటుంది, కబురు పుట్టే చోటే దెబ్బతింటుంది, సాధారణంగా శరీరంలో ఒక పక్క మాత్రమే పడిపోతుంది. ఎవరికి ఏ యంత్రం ఎంత పనికొస్తుందనేది ముందుగా ఈ తేడాల మీదే ఆధారపడుతుంది.

వీడియోల్లో కనపడని సంగతి ఒకటుంది. వెన్నుపాములో కబుర్లు కిందికే కాదు, పైకి కూడా వెళ్తాయి. కళ్ళు మూసుకున్నా మోకాలు వంగి ఉందో చాచి ఉందో మనకు తెలుసు. అరికాలి కింద ఉన్నది ఇసుకో బండో తెలుసు. బరువు మడమ మీద ఉందో వేళ్ళ మీద ఉందో తెలుసు. మనం పడిపోకుండా నిలబడగలుగుతున్నది ఈ కబుర్ల వల్లే. గాయం సంపూర్ణమైతే ఇవన్నీ ఆగిపోతాయి. ఆ మనిషికి కాళ్ళతోపాటు నేల కూడా పోతుంది. కాళ్ళను కదిపే యంత్రం తయారుచేయడం ఇంజనీర్లకు అంత కష్టం కాలేదు. పోయిన నేలను తిరిగి ఇవ్వడం మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి, చివర్లో దాని అవసరం పడుతుంది. గాయానికి కింద ఉన్న వెన్నుపాము చచ్చిపోదు. మెదడు నుంచి ఏ ఆజ్ఞా రాకపోయినా కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి కదిపే లయ వెన్నుపాములోనే పుట్టగలదని థామస్ గ్రాహమ్ బ్రౌన్ 1911లోనే పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. నడకలో చాలా భాగం మెదడు దాకా వెళ్ళకుండా అక్కడికక్కడే తేలిపోతుంది. గాయం తర్వాత ఆ కింది భాగం పిలిచేవాళ్ళు లేక మూగబోతుంది.

చట్రం లోపల ఒక అడుగు

పీతకూ తేలుకూ గట్టిదనం ఒంటి బయటే ఉంటుంది, మెత్తదనం లోపల. మనకు ఎముకలు లోపలున్నాయి. ఎక్సోస్కెలిటన్ అంటే మనకు కూడా బయటినుంచి ఇంకో ఎముకల గూడు తొడగడం. కాళ్ళు చచ్చుబడినవాళ్ళ కోసం వచ్చిన చట్రాల్లో చాలావాటికి నాలుగు మోటార్లు ఉంటాయి. రెండు తుంటి దగ్గర, రెండు మోకాళ్ళ దగ్గర. తొడకూ పిక్కకూ పట్టీలు, పాదం కింద పలక, నడుముకో వీపుకో బ్యాటరీ, ఒక చిన్న కంప్యూటరు.

అమెరికాలో ఇంట్లో వాడుకోవడానికి 2014లో మొదటిసారి అనుమతి పొందిన రీవాక్ అనే చట్రంలో ఒక అడుగు ఎలా పడుతుందో చూద్దాం. మనిషి వీల్‌చైర్ నుంచి చట్రంలోకి మారి కూర్చుంటాడు, పట్టీలన్నీ బిగించుకుంటాడు. పట్టీ ఎక్కడ ఒరుసుకుంటోందో అతనికి తెలియదు కాబట్టి ఒక్కొక్కటీ కళ్ళతో చూసుకోవాలి, చేత్తో తడుముకోవాలి. మణికట్టుకున్న గడియారం లాంటి పరికరంలో "లేవడం" ఎంచుకుంటాడు. చేతికర్రలు నేలకు ఆనించి ముందుకు వంగుతాడు. మోటార్లు తుంటినీ మోకాళ్ళనూ చాస్తాయి, మనిషి లేచి నిలబడతాడు. ఇప్పుడు నడక. బరువును ఎడమకాలి మీదికి జరిపి ఒంటిని కొద్దిగా ముందుకు వాలుస్తాడు. ఆ వాలును సెన్సర్ పసిగడుతుంది. కుడి తుంటి వంగుతుంది, కుడి మోకాలు వంగుతుంది, కాలు గాల్లో ముందుకొస్తుంది, మోకాలు చాచుకుంటుంది, పాదం నేల మీద ఆనుతుంది. కర్రలు ముందుకు జరుపుకుని మళ్ళీ వాలాలి, ఈసారి రెండో పక్కకు.

ఇందులో కాళ్ళు కదిపింది యంత్రం. పడిపోకుండా ఆపింది మాత్రం మనిషే. అతని భుజాలు, చేతులు, మిగిలి ఉన్న నడుము కండలు, నేలను చూస్తున్న కళ్ళు ఆ పని చేశాయి. అడుగు యంత్రానిది, తూకం మనిషిది. కూర్చుంటే మోసుకెళ్ళే బండిలా ఇది ఉంటుందనుకుంటే పొరపాటే. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, భుజాలు నొప్పెడతాయి. బరువు ఎప్పుడు ఎంత జరపాలో ఒంటికి పట్టడానికి వారాల తరబడి శిక్షణ కావాలి.

ఈ తూకం ఎంత బరువైనదో ఆ యంత్రాన్ని కనిపెట్టిన మనిషి జీవితమే చెబుతుంది. అమిత్ గోఫర్ ఇజ్రాయెల్ ఇంజనీరు. 1997లో ప్రమాదానికి గురై మెడకు దెబ్బ తగిలి చేతులూ కాళ్ళూ చచ్చుబడ్డాయి. ఇంత సాంకేతికత ఉన్న కాలంలో వీల్‌చైర్ ఒక్కటే గతా అన్న ప్రశ్న నుంచి ఆయన రీవాక్‌ను రూపొందించాడు. ఎందరినో నిలబెట్టిన ఆ చట్రం ఆయనకు మాత్రం పనికిరాలేదు. చేతికర్రలు పట్టుకునే శక్తి ఆయన చేతుల్లో లేదు. ఈ యంత్రాల గురించి చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది ఈ సంగతే.

2012లో క్లేర్ లోమస్ అదే రకం చట్రంతో లండన్ మారథాన్ చేసింది. గుర్రం మీంచి పడి 2007లో ఛాతీ కిందినుంచి చచ్చుబడిన ఆమె ఏప్రిల్ 22న మిగతావాళ్ళతోపాటు బయల్దేరి మే 8న గమ్యం చేరింది. 42 కిలోమీటర్లు, రోజుకు కొంచెం కొంచెం. ఒక్కరోజులో పూర్తిచేయలేదు కాబట్టి నిబంధనల ప్రకారం పతకం ఇవ్వలేదు. తమ పతకాలను ఆమెకు పంపిన తోటి పరుగువీరులున్నారు. చట్రంలో నడవడం ఎంత శ్రమో, ఆ శ్రమలో మనిషి వాటా ఎంతో ఆ రెండు వారాలు చూపించాయి.

వెనక్కి వెళ్తే ఈ ఆలోచన చాలా పాతది. 1960ల్లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ బరువులెత్తే కార్మికుల కోసం హార్డిమాన్ అనే చట్రం కట్టింది. అది దాదాపు 680 కిలోలు తూగింది. మొత్తంగా కదిపితే అదుపు తప్పి ఊగిపోయేది కాబట్టి దాన్ని లోపల మనిషి ఉండగా పూర్తిగా నడిపింది లేదు. కాళ్ళు పడిపోయినవాళ్ళ కోసం మొదట గట్టిగా ప్రయత్నించింది బెల్‌గ్రేడ్‌లోని మిహాయిలో పుపిన్ సంస్థలో మియోమిర్ వుకోబ్రటోవిచ్ బృందం. 1970 ప్రాంతంలో గాలి ఒత్తిడితో కదిలే చట్రాలను అక్కడి రోగులకు తొడిగి చూశారు. రెండు కాళ్ళ యంత్రం పడకుండా నిలవాలంటే అరికాలి కింద బలాలు ఎక్కడ కుదురుకోవాలో వుకోబ్రటోవిచ్ వేసిన లెక్క ఇవాళ్టి మనిషి ఆకారపు రోబోలకు కూడా పునాదిగా ఉంది. చిన్న మోటార్లు, తేలికైన బ్యాటరీలు, చవకైన సెన్సర్లు వచ్చేదాకా ఆ ఆలోచన ప్రయోగశాల దాటలేకపోయింది.

కర్రలు లేకుండా యంత్రమే తూకం కూడా చూసుకుంటే? న్యూజిలాండ్‌లో పుట్టిన రెక్స్ ఆ దారి పట్టింది. పెద్దగా, బరువుగా ఉండి తనంతట తాను నిలుస్తుంది, మనిషి చేతి దగ్గరున్న చిన్న మీటతో దారి చూపిస్తాడు, నడక మాత్రం బాగా నెమ్మది. ఫ్రాన్స్‌కు చెందిన వాండర్‌క్రాఫ్ట్ వారి అటలాంటేలో కాలికి ఆరు చొప్పున 12 మోటార్లున్నాయి. చీలమండ కూడా కదులుతుంది కాబట్టి చేతులు ఖాళీగా ఉంచుకుని నడవచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్ జ్యోతిని కెవిన్ పియెట్ ఆ చట్రంలో నడుస్తూ చేత్తో పట్టుకెళ్ళాడు. కర్రలుంటే అది కుదిరే పని కాదు. అదే ఏడాది, వైకల్యం ఉన్నవారి సహాయక యంత్రాలకు స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ మొదలుపెట్టిన సైబాథ్లాన్ పోటీల్లో దక్షిణ కొరియాకు చెందిన కైస్ట్ బృందం చట్రాల విభాగంలో గెలిచింది. వాళ్ళ చట్రం వీల్‌చైర్లో ఉన్న మనిషి ముందుకు తనే నడిచొచ్చి నిలుస్తుంది. ఒకరు ఎత్తి కూర్చోబెట్టాల్సిన అవసరం తగ్గుతుంది. కాకపోతే తూకం యంత్రం మీద పెట్టిన కొద్దీ మోటార్లు పెరుగుతాయి, వాటితో బరువు పెరుగుతుంది. ఈ కొరియా చట్రం 50 కిలోలు. అలాంటిది మనిషితో కలిసి పడితే ఏమవుతుందన్న భయంతోనే ఇంజనీర్లు ప్రతి అడుగూ లెక్కేస్తారు.

అడుగు వేయమని ఎవరు చెప్పాలి

ఒళ్ళు వాల్చడం, మీట నొక్కడం కాకుండా ఇంకో దారి జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయానికి చెందిన యోషియుకి సంకాయ్ ఎంచుకున్నాడు. కండను కదపాలని మెదడు అనుకున్నప్పుడు నరాల ద్వారా వచ్చే విద్యుత్ సంకేతం ఎంతో సన్నగా చర్మం మీదికి కూడా తేలుతుంది. కాలు లేవనంత బలహీనంగా ఉన్నా ఆ సంకేతం మిగిలి ఉండొచ్చు. ఆయన హాల్ చట్రం దాన్ని చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్లతో పట్టుకుని మోటార్లకు అందిస్తుంది. మనిషి అనుకున్న క్షణంలోనే కాలు కదులుతుంది. సంకేతం బొత్తిగా చేరని సంపూర్ణ గాయంలో ఇది కుదరదు.

అప్పుడు మెదడునే అడగాలి. పింటో టోపీ చేసింది అదే. తలపైనుంచి వినే సంకేతం గోడ అవతలి మాటలా మసకగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలిమ్-లూయీ బెనబిద్ బృందం పుర్రె ఎముక కొంత తీసి, మెదడు పైపొర మీద 64 ఎలక్ట్రోడ్లున్న పరికరాలు రెండు అమర్చింది. మెడ గాయంతో నాలుగు అవయవాలూ పడిపోయిన ఒక యువకుడు రెండేళ్ళ సాధన తర్వాత తన ఆలోచనతో చట్రాన్ని నడిపించాడని 2019లో ప్రకటించారు. ఆ చట్రం పడకుండా పైకప్పుకు తాళ్ళతో వేలాడదీశారు. అతని ఆలోచన చేసింది నడకను మొదలుపెట్టించడం. మోకాలు ఎంత వంగాలి, పాదం ఎక్కడ పడాలి అన్నవి యంత్రమే చూసుకుంది. సాధించింది చిన్నదని కాదు. "ఆలోచనతో నడిచాడు" అన్నప్పుడు ఆ ఆలోచన అడుగులో ఎంత భాగమో కూడా చెప్పాలంటున్నాను.

వీధిలో ఎందుకు కనపడటం లేదు

రీవాక్‌కు ఇంటి అనుమతి వచ్చి పదేళ్ళు దాటింది. అయినా వీధిలో చట్రం తొడుక్కున్న మనిషి ఎదురుపడటం అరుదు. కారణాల్లో మొదటిది వేగం. వేర్వేరు అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో ఈ చట్రాలతో సగటు నడక వేగం సెకనుకు 0.26 మీటర్లు అని తేలింది. మామూలు మనిషి సెకనుకు 1.3 మీటర్ల చుట్టుపక్కల నడుస్తాడు. మనకు ఎనిమిది సెకన్లు పట్టే పది మీటర్లకు వాళ్ళకు దాదాపు నలభై సెకన్లు. రోడ్డు దాటేటప్పుడు ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. రెండోది, పక్కన ఇంకో మనిషి ఉండాలి. రీవాక్‌కు ఇచ్చిన అనుమతిలోనే ఆ షరతు ఉంది, అది కూడా శిక్షణ పొందిన మనిషి కావాలి. ఒంటరిగా బయటికి వెళ్ళడానికి కొనుక్కున్న యంత్రం ఒంటరిగా వెళ్ళనివ్వదు.

ఆ షరతు ఎంత గట్టిగా అడ్డుపడుతుందో అమెరికాలో మాజీ సైనికుల మీద జరిగిన పరీక్ష చూపించింది. 161 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు వీల్‌చైర్‌తోపాటు ఇంటికి చట్రం కూడా ఇచ్చారు, రెండో జట్టుకు వీల్‌చైర్ ఒక్కటే. మానసిక ఆరోగ్యం, నొప్పి, మలమూత్రాల ఇబ్బందులు లాంటివాటిలో చట్రం ఉన్న జట్టు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదని 2024లో ఫలితాలు వచ్చాయి. ఇంటికి తీసుకెళ్ళిన చట్రాన్ని వాళ్ళు వాడింది తక్కువ. తోడుగా ఒకరు దొరకాలన్న షరతు ఒక ముఖ్య కారణమని పరిశోధకులే చెప్పారు. ఈ ఫలితం చట్రాలు వృథా అని చెప్పడం లేదు. వాడకుండా మూలన ఉన్న యంత్రం ఎవరికీ మేలు చేయదు, వాడే వీలు కల్పించడం యంత్రం తయారుచేయడం కన్నా వేరే పని.

అందరి ఒంటికీ చట్రం పట్టదు కూడా. ఎత్తు, బరువు కొన్ని హద్దుల మధ్య ఉండాలి. కీళ్ళు బిగుసుకుపోయి ఉండకూడదు. చర్మం మీద పడక పుండ్లు ఉండకూడదు. అన్నిటికంటే ముందు ఎముకలు చూడాలి. బరువు మోయని కాలి ఎముక గాయం తర్వాత మొదటి ఒకటి రెండేళ్ళలోనే వేగంగా గుల్లబారుతుంది. ఏళ్ళ తరబడి కూర్చుని ఉన్న మనిషిని ఒక్కసారిగా నిలబెట్టి నడిపిస్తే ఎముక విరగొచ్చు. ఆ నొప్పి కూడా అతనికి తెలియదు, వాపు చూసి కనుక్కోవాలి. అందుకే ఎముక సాంద్రత పరీక్ష చేయించకుండా చట్రం ఎక్కించడానికి ఎవరైనా సిద్ధపడితే ఒప్పుకోకండి. ఛాతీ పైభాగంలోనో మెడలోనో గాయం ఉన్నవాళ్ళకు నొప్పి పుట్టించే చిన్న ఒత్తిడికి కూడా రక్తపోటు హఠాత్తుగా పైకెగిసే ప్రమాదం ఉంది. పట్టీ కాస్త గట్టిగా బిగిసినా చాలు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వృద్ధులకూ వైకల్యం ఉన్నవారికీ అమెరికా ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా 2024లో ఇలాంటి చట్రానికి చెల్లించే ధరను దాదాపు 91 వేల డాలర్లుగా నిర్ణయించింది. కొన్న తర్వాత మరమ్మతుల సంగతి కూడా ఉంది. అదే ఏడాది ఆ దేశంలోనే గుర్రపు పందేల్లో పడి కాళ్ళు చచ్చుబడిన ఒక మాజీ జాకీ కథ బయటికొచ్చింది. ఏళ్ళుగా నడుస్తున్న అతని చట్రం ఆగిపోయింది. పాడైంది మోటారు కాదు, చేతి గడియారంలో బ్యాటరీకి వెళ్ళే చిన్న తీగ. ఐదేళ్ళు దాటిన యంత్రాన్ని బాగుచేసేది లేదని తయారీదారులు మొదట చెప్పారు, వార్తలు గుప్పుమన్నాక బాగుచేశారు. మనిషి శరీరంలో భాగమైపోయిన వస్తువును ఫోనులా పాతబడిందని పక్కన పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. దీనికి చట్టపరమైన రక్షణ ఉండి తీరాలి.

ఇంకో మాట. నడకే అందరి మొదటి కోరిక అని నడిచేవాళ్ళు అనుకుంటారు. 2004లో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు వెన్నుపాము గాయం ఉన్న 681 మందిని ఏది తిరిగొస్తే మీ జీవితం ఎక్కువ మెరుగుపడుతుందని అడిగింది. మెడ గాయం ఉన్నవాళ్ళు ఎక్కువమంది చేతుల పనితనం అన్నారు. ఛాతీ, నడుము గాయాలున్నవాళ్ళలో లైంగిక సామర్థ్యం అన్నవాళ్ళు ఎక్కువ. మూత్రం, మలం మీద అదుపు కూడా రెండు వర్గాల్లోనూ ముందువరుసలోనే ఉంది. ఆండర్సన్‌కు కూడా వెన్నుపాము గాయం ఉంది, అందుకే అడగాల్సిన ప్రశ్న ఆమెకు తెలిసింది. మంచి వీల్‌చైర్, దానికి తగిన వాలుదారి ఉంటే మనిషి చట్రం కన్నా ఎన్నో రెట్లు వేగంగా, ఒంటరిగా తిరగగలడు. చట్రం కోసం చందాలు పోగుచేసేవాళ్ళు ముందు ఆ మనిషినే అడగాలి, నీకేం కావాలని.

మరి చట్రంతో మేలు ఎక్కడ? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే వాటిలో నిలబడి ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడగలగడం తరచుగా వస్తుంది. కాళ్ళ బిగుతు తగ్గిందనీ, మలవిసర్జన తేలికైందనీ చెప్పేవాళ్ళూ ఉన్నారు, చిన్న అధ్యయనాల్లో దీనికి కొంత ఆధారం కూడా ఉంది. వాటిని నేను కొట్టిపారేయను. కానీ ఇవాళ చట్రం నిజంగా కుదురుకున్న చోటు ఇల్లు కాదు, పునరావాస కేంద్రం.

యంత్రం విప్పేశాక ఏం మిగులుతుంది

పక్షవాతం వచ్చిన మనిషికి నడక నేర్పించాలంటే ఇద్దరు ముగ్గురు ఫిజియోథెరపిస్టులు పట్టుకోవాలి. ఒకరు నడుము పట్టుకుంటే ఇంకొకరు కింద కూర్చుని పాదాన్ని చేత్తో ముందుకు జరుపుతారు. ఇరవై ముప్పై అడుగులకే అందరూ అలిసిపోతారు. నరాలకు మాత్రం వేల అడుగులు కావాలి. మెదడు నేర్చుకునేది పదే పదే చేయడం వల్లే, అదీ మనిషి తను ప్రయత్నిస్తూ చేసినప్పుడు. చట్రమో, ట్రెడ్‌మిల్ మీద వేలాడదీసే లోకోమాట్ లాంటి యంత్రమో ఉంటే ఒక్క థెరపిస్టు పర్యవేక్షణలో వందల అడుగులు పడతాయి. మెదడు పక్షవాతం మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలు చెప్పేది ఇది: ఫిజియోథెరపీకి ఇలాంటి యంత్రాలు తోడైతే సొంతంగా నడవగలిగే అవకాశం పెరుగుతుంది. ఎక్కువ లాభం పొందేది పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళు, అప్పటికి నడవలేనివాళ్ళు. అంటే చట్రం ఇక్కడ కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవాల్సిన వస్తువు కాదు, సరైన సమయంలో దొరకాల్సిన వైద్యం.

ఇందులో ఒక చిక్కు ఉంది. యంత్రం అంతా తనే చేసేస్తే రోగి ఊరికే వేలాడతాడు, మెదడు ఏమీ నేర్చుకోదు. అందుకే కొత్త చట్రాల్లో సాయాన్ని తగ్గిస్తూ పోయే వీలు పెట్టారు. మనిషి ఎంత చేయగలిగితే అంత వదిలేసి, మిగిలినది మాత్రమే యంత్రం పూరిస్తుంది. మంచి థెరపిస్టు చేతులు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే.

సంపూర్ణ గాయం ఉన్నవాళ్ళకు ఇదేమీ వర్తించదని చాలాకాలం అనుకున్నారు. సావో పాలోలో పింటోకు చట్రం కట్టిన మిగెల్ నికోలెలిస్ బృందం 2016లో వేరే కబురు చెప్పింది. ఏళ్ళ క్రితమే కాళ్ళు పడిపోయిన ఎనిమిది మంది ఏడాదిపాటు సాధన చేశారు. మెదడు సంకేతాలతో కంప్యూటర్ తెర మీది బొమ్మను నడిపించారు, తర్వాత యంత్రాల్లో నడిచారు. పాదం నేలను తాకినప్పుడల్లా ముంజేతి మీద చిన్న కంపనం కలిగే ఏర్పాటు చేశారు. పోయిన నేలను చేతి ద్వారా తిరిగి ఇచ్చారన్నమాట. సంవత్సరం తర్వాత ఎనిమిది మందికీ గాయం కింద కొంత స్పర్శ, కొన్ని కండల మీద కొంత అదుపు వచ్చాయి. నలుగురి గాయాన్ని సంపూర్ణం నుంచి అసంపూర్ణంగా మార్చి రాశారు. వాళ్ళెవరూ లేచి మామూలుగా నడవలేదు. పోల్చి చూడటానికి సాధన చేయని ఇంకో జట్టు కూడా లేదు, కాబట్టి ఏ భాగం వల్ల మేలు జరిగిందో తేల్చలేం. అయినా సంపూర్ణమని రాసిన చాలా గాయాల్లో కొన్ని నరాల పోగులు తెగకుండా మిగిలి ఉంటాయనీ, వాటిని మేల్కొల్పవచ్చనీ ఆ ఫలితం బలంగా సూచించింది.

మూగబోయిన ఆ కింది వెన్నుపామును నేరుగా తట్టి లేపుతున్నవాళ్ళు స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో ఉన్నారు. శాస్త్రవేత్త గ్రెగ్వార్ కూర్టీన్, న్యూరోసర్జన్ జోస్లిన్ బ్లాక్. నడుము భాగంలో వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, ఏ కండ ఎప్పుడు బిగుసుకోవాలో ఆ వరుసలో సన్నని విద్యుత్ ప్రేరణ ఇస్తారు. కాళ్ళను కదిపేది మోటారు కాదు, ఆ మనిషి సొంత కండలే. గెర్ట్-యాన్ ఓస్కమ్ వారిలో ఒకడు. 2011లో సైకిల్ ప్రమాదంలో మెడ వెన్నుపాము దెబ్బతింది. ప్రేరణతో కొంత నడక వచ్చింది కానీ అది ముందే రాసిపెట్టిన లయ, దానికి తగ్గట్టు అతను నడుచుకోవాల్సి వచ్చేది. అప్పుడు గ్రెనోబుల్ వాళ్ళు చట్రం కోసం తయారుచేసిన మెదడు పరికరాలనే అతని తలలో అమర్చారు. మెదడు అనుకున్నదాన్ని అవి వింటాయి, వీపున తగిలించుకున్న కంప్యూటరు దాన్ని అర్థం చేసుకుని వెన్నుపాముకు అందిస్తుంది. గాయం మీదుగా గాల్లో కట్టిన వంతెన అది. 2023 మేలో ఆ వివరాలు ప్రచురించారు. అతను నిలబడ్డాడు, నడిచాడు, మెట్లెక్కాడు, ఎగుడుదిగుడు నేల మీద తనే అడుగు సరిచేసుకున్నాడు. కొన్నాళ్ళ సాధన తర్వాత పరికరాలు ఆపేసినా చేతికర్రలతో నడవగలిగాడు. అతని గాయం అసంపూర్ణమైనది, కొన్ని పోగులు మొదటినుంచీ మిగిలే ఉన్నాయి. ఇంతమాత్రాన అందరికీ ఇదే జరుగుతుందని ఎవరూ చెప్పలేరు. పుర్రె తెరిచే శస్త్రచికిత్సకు దాని ప్రమాదాలు దానికున్నాయి.

పింటో తన్నిన బంతికీ ఓస్కమ్ నడకకూ మధ్య తొమ్మిదేళ్ళు. ఒకదానిలో కాలు యంత్రానిది, రెండోదానిలో కాలు మనిషిది. ఆ ఫలితాలు బయటపెట్టిన రోజుల్లో ఓస్కమ్ విలేకరులకు ఒక చిన్న సంగతి చెప్పాడు. అతనుండే చోట ఒకదానికి రంగు వేయాల్సి వచ్చింది. సాయానికి ఎవరూ లేరు. వాకర్ పట్టుకుని, రంగు తీసుకుని వెళ్ళి, నిలబడి తనే వేసుకున్నాడు.